సుందరి నూరిన చంద్రధూళి

తాడేపల్లిగూడెంలో ఆయుర్వేద వైద్యుడు గంగాధరరావుగారి ఇల్లు ఎక్కడని ఎవరూ అడగక్కర్లేదు. వీధి మలుపు తిరగ్గానే శొంఠి, పిప్పళ్ళు, కాలిన గవ్వల వాసన ఎదురొచ్చేది. ఇంకాస్త దగ్గరికి వెళ్తే వసారాలో రాతి కల్వంలో బండ తిరుగుతున్న చప్పుడు వినపడేది. ఆ కల్వం ముందు మఠం వేసుక్కూర్చుని మందులు నూరేది ఆయన పెద్దకూతురు. పేరు బాలాత్రిపురసుందరి. అంత పొడుగు పేరుతో పిలిచే తీరిక ఎవరికుంటుంది? అందరికీ సుందరే.

ఎనిమిదో క్లాసుతో బడి మానిపించాక ఆమెకి ఆ కల్వమే చదువైంది. ఏ మందైనా సరే మెత్తగా నూరి, పల్చటి బట్టలోంచి జల్లించి, మళ్ళీ నూరాలి. భస్మమైతే వేలి మీద రుద్దినప్పుడు వేలిగీతల్లో ఇంకిపోవాలి, నీళ్ళ మీద చల్లితే తేలాలి. తేలకపోతే తండ్రి "ఇంకో పూట తిప్పమ్మా" అనేవాడు. సుందరి తిప్పేది. విసుగన్నది ఎరగని పిల్ల అని ఊళ్ళో అనుకునేవారు గానీ, విసుగు ఉండేది. దాన్ని కూడా కల్వంలోనే వేసి నూరేసేది.

ఆమెకి ఏలూరు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు అచ్యుతరావు అక్కడి కాలేజీలో ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటరు. అంటే పాఠాలు చెప్పడు. లేబరేటరీలో పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తాడు. కొల్లేటి అంచున చిన్న పల్లెలో వరి పండించుకునే కుటుంబం. పెళ్ళిచూపుల్లో అతను ఒక్క మాటా మాట్లాడలేదు. నెమ్మదైన కుర్రాడని గంగాధరరావుగారు మురిసిపోయారు.

కాపరానికి వచ్చాక కూడా అతను మాట్లాడలేదు. అడిగినదానికి తలూపేవాడు, లేదా నవ్వేవాడు. వంట ఎలా ఉందని అడిగితే మారు వడ్డించుకునేవాడు. తను నచ్చలేదేమోనని సుందరి గిన్నెలు తోముతూ కళ్ళు తుడుచుకున్న రోజులున్నాయి.

ఆ ఏడు అత్తవారి ఊరు వెళ్ళినప్పుడు అత్తగారు అచ్చాయమ్మ కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది. కొల్లేటి నీళ్ళు ఇంటి వెనక గట్టు దాకా వచ్చి ఉన్నాయి.

"వాడికి నత్తి, అమ్మాయ్. మీ నాన్నగారికి ముందే చెప్పాల్సింది. చెప్పలేదు, మాదే తప్పు."

"అయ్యో, అంతేనా అత్తయ్యగారూ?" అంది సుందరి. గుండెల మీదనుంచి రాయి దించినట్టయింది ఆమెకి.

"అంతే. చిన్నప్పట్నించీ వాడి నోట్లో మాట అందరూ లాక్కునేవాళ్ళే. నేనూ లాక్కున్నాను. వాడు 'అ... అ...' అంటే గబగబా అన్నం పెట్టేసేదాన్ని. తర్వాతెప్పుడో తెలిసింది, పాపం, వాడడిగేది అట్లు." అచ్చాయమ్మ నవ్వబోయి మానుకుంది. "అలా మానేశాడు మాట్టాడ్డం. నువ్వు మాత్రం అందించకమ్మా. ఎంతసేపైనా ఆగు. వాడి మాట వాణ్ణే చెప్పనీ."

సుందరి ఆగడం మొదలుపెట్టింది. అది మందు నూరడం కన్నా కష్టం. మాట అతని పెదవుల దాకా వచ్చి నిలబడిపోతే, ఆ మాటేమిటో ఆమెకి ముందే తెలిసిపోయేది. 'మజ్జిగ' అనబోతున్నాడు, 'గొడుగు' అనబోతున్నాడు. నాలిక చివరిదాకా వచ్చినదాన్ని మింగేసి, చేస్తున్న పని ఆపకుండా, అతని మొహంలోకి మరీ గుచ్చి చూడకుండా ఊరుకునేది. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని అతను చెప్పడం పూర్తయ్యేసరికి పాలన్నీ పొంగిపోయాయి. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ రోజునుంచి అచ్యుతరావు ఇంట్లో మాట్లాడే మనిషయ్యాడు.

అలా మాట్లాడుతూ ఓ సాయంత్రం భోజనాల దగ్గర చంద్రుడి సంగతి ఎత్తాడు. కాలేజీకి వచ్చిన సైన్సు పత్రికలో చదివాట్ట. చంద్రుడి నేలంతా పిండిలాంటి దుమ్ము పరుచుకుని ఉండొచ్చనీ, ఆ దుమ్ము ఉన్నచోట ఉండకుండా కదులుతూ పల్లాల్లోకి చేరుతూ ఉండొచ్చనీ ఇంగ్లండులో ఎవరో అంటున్నారట. ఇది చెప్పడానికి అతనికి భోజనం మొత్తం పట్టింది.

"చంద్రుడి మీద గాలి లేదన్నారుగా మొన్న," అంది సుందరి మజ్జిగ పోస్తూ. "గాలి లేకపోతే దుమ్మెలా కదులుతుందండీ?"

అచ్యుతరావు చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "అదే! అ... అదే ప్రశ్న!" అన్నాడు. తనూ ఆ ప్రశ్న దగ్గరే రోజుల తరబడి తిరుగుతున్నాడు.

కదిలించేది గాలి కాదు, ఎండ అని ఆ పత్రికలోని వాదం. మనకి ఎండ గాలిపొరల్లోంచి వడపోసుకుని వస్తుంది. గాలి లేని చోట ఆ వడపోత లేదు. కంటికి కనపడని ఘాటైన కిరణాలు నేరుగా నేలకి తగులుతాయి. తగిలి ఒక్కొక్క రేణువులోంచీ ఎలక్ట్రాన్లను ఊడబెరుకుతాయి. అప్పుడు రేణువులన్నీ ఒకే రకం విద్యుత్తుతో మిగిలి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. తోసుకుంటే ఎగరవా?

"దువ్వెన్న తలకి రాసి కాగితంముక్కల దగ్గర పెడితే ఎగిరినట్టా?" అని అడిగింది సుందరి.

అతను చాలాసేపు తలూపాడు.

చేసి చూడాలని అతని ఆశ. కాలేజీలో గంట ఆకారం గాజుజాడీ ఒకటుంది, దాన్ని బెల్‌జార్ అంటారు. అందులో గాలి తోడేసే పంపూ ఉంది. వేల ఓల్టులు పుట్టించే ఇండక్షన్ కాయిలుంది. జాడీలో గాలి బాగా పల్చబడ్డాక కరెంటు పంపితే మిగిలిన కాస్త గాలీ విద్యుత్కణాలుగా చీలి వంగపండు రంగులో వెలుగుతుంది. దాని పేరు ప్లాస్మా. సూర్యుడి దగ్గర్నుంచి అలాంటి కణాలు చంద్రుడి మీదికి కొట్టుకొస్తూ ఉంటాయన్న ఊహ కూడా అప్పట్లో ఉంది. ఆ వెలుగులో దుమ్ము పెడితే ఏం చేస్తుంది? ప్రిన్సిపాలుగారు సెలవుల్లో లేబరేటరీ వాడుకోమన్నారు. అన్నీ ఉన్నాయి, దుమ్మే దొరకలేదు. బూడిద పెడితే ఉండలు కట్టింది. ఇటికపొడి ఇసకలా మొరటుగా ఉండి కదల్లేదు.

"నేను నూరి పెడతానండి," అంది సుందరి. "ఏ రాయి కావాలో చెప్పండి."

చంద్రుడి మీద ఉండేది అగ్నిపర్వతం రాయి కావచ్చనుకున్నారు. పంగిడి కొండల నుంచి రోడ్ల మీదికి తెచ్చే నల్లకంకర కూడా ఒకప్పుడు లావాయేనట. రోడ్డు పక్క గుట్టలోంచి అచ్యుతరావు జేబు నింపుకొచ్చాడు. సుందరి పుట్టింటికి వెళ్ళి తన పాత కల్వం అడిగింది.

"ఎవరికమ్మా మందు?" అన్నారు గంగాధరరావుగారు.

"చంద్రుడికి, నాన్నగారూ."

ఆయన కూతురి మొహం చూశారు. అల్లుడి సంగతులు ఆయనకి అప్పటికి కొంత తెలుసు. "జబ్బేమిటో కనుక్కున్నాకే ఇవ్వండి," అని కల్వాన్ని తనే మోసుకెళ్ళి రైలెక్కించారు.

నల్లరాయి గవ్వలా కాదు, మొండిఘటం. వేసవంతా నూరింది సుందరి. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని కాలేజీకి వెళ్తే మళ్ళీ సాయంత్రానికే ఇద్దరూ కలిసి రావడం. లేబరేటరీ కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేసేవారు. కాయిలు దగ్గర అచ్యుతరావు. రబ్బరుగొట్టం దగ్గర సుందరి. జాడీకీ పంపుకీ మధ్య ఉన్న ఆ గొట్టాన్ని ఇనపక్లిప్పుతో బిగించడం ఆమె పని. పక్కింటి రాజేశ్వరమ్మగారు "కాలేజీలో చేరావటమ్మా?" అని నవ్వితే, "పెద్ద క్లాసేనండీ, చంద్రుడి క్లాసు" అని తనూ నవ్వేది.

కానీ దుమ్ము ఎగరలేదు. సన్నగా ఉన్నా ఎగరలేదు. తొలకరి పడ్డాక మరీ చెడింది. కొల్లేటి మీదనుంచి వచ్చే గాలికి ఏలూరులో ఉప్పు నీరైపోతుంది, అప్పడాలు మెత్తబడతాయి. దుమ్ము మాత్రం పొడిగా ఉంటుందా? పళ్ళెంలో విభూతిపండులా అతుక్కుపోయేది. కాలేజీలో తోటివాళ్ళు అచ్యుతరావుని 'చంద్రుడల్లుడు' అనడం మొదలుపెట్టారు. పైకి వేళాకోళమే గానీ, తిరిగి ఒక మాట అనలేనివాణ్ణి అనడం సులువు కదా.

ఆ వానల్లోనే సుందరికి కడుపు నిలిచి, నిలిచినట్టే పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె కల్వం జోలికి పోలేదు. వంట చేసేది, దీపం పెట్టేది, గోడకి జేరగిలబడి కూర్చునేది. అచ్యుతరావు కాలేజీ నుంచి వచ్చి పక్కనే కూర్చునేవాడు. ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటున్నాడని ఆమెకి తెలిసేది. ఈసారి ఆగే ఓపిక కూడా లేక కళ్ళు మూసుకునేది.

ఓ ఆదివారం పొద్దున్న వసారాలో కరకరమని చప్పుడైతే లేచి వెళ్ళింది. అతను పంచె ఎగ్గట్టి కల్వం ముందు కూర్చున్నాడు. కల్వం బండని రెండు చేతులా పట్టుకుని వడ్లు దంచినట్టు దంచుతున్నాడు. పొడి సగం కల్వంలో, సగం నేల మీద, మిగిలింది మీసాల మీద.

సుందరి గుమ్మంలోనే నిలబడింది. "అలా దంచితే రాయి నలగదండీ, చెయ్యి నలుగుతుంది."

"ను... నువ్వు చేసినట్టే చేస్తున్నాగా."

"నేనలా చేస్తానా?" అంది. ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. అతని పక్కనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అతను నల్లటి చేతుల్తోనే ఆమె తల నిమిరాడు. ఒక్క మాటా అనలేదు, అనడానికి ప్రయత్నించనూ లేదు. ఏడుపు తగ్గాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, బండ అందుకుని, "చూడండి, ఇలా," అని తిప్పి చూపించింది.

ఆ తరువాత చెమ్మ సంగతి పట్టించుకున్నారు. సుందరి పొడిని మూకుట్లో వేసి కుంపటి మీద వేయించేది. వేడిమీదే సీసాలో పోసి, అందులోనే నీళ్ళు తగలని కాల్చిన సున్నం మూట పెట్టి బిరడా బిగించేది. సున్నం చెమ్మ పీల్చేసుకుంటుంది. చలిగాలి తిరిగాక, సంక్రాంతి దాటిన వారంలో, మళ్ళీ జాడీ బోర్లించారు. పంపు గడగడలాడింది. వంగపండు వెలుగు పుట్టింది. రాగిపళ్ళెంలో నల్లటి పొడి మామూలుగానే ఉంది.

ముందు చూసింది సుందరే. పొడి మధ్యలోంచి ఒక్క నలుసు లేచి పడింది. కళ్ళు చికిలించుకుంది. మరొకటి. ఆ తరువాత పళ్ళెమంతా పోపులో ఆవాలు పడ్డట్టు, కాకపోతే ఏ చప్పుడూ లేకుండా, రేణువులు ఎగిరి పడటం మొదలుపెట్టాయి.

"ఏవండీ!" అని మాత్రం అనగలిగింది. అచ్యుతరావు జాడీకి ముక్కు ఆనించి చూస్తూ ఉండిపోయాడు. వెలుగు అతని కళ్ళజోడులో ఊదారంగుగా వణికింది.

పంపు అదురుకి ఎగురుతున్నాయేమోనన్న అనుమానం వాళ్ళకే వచ్చింది. క్లిప్పు బిగించి, పంపు ఆపేసి చూశారు. జాడీలోకి గాలి మళ్ళీ చొరబడేలోపు కొద్ది నిమిషాలు, పంపు లేకుండానే, దుమ్ము ఎగిరింది. కాయిలు ఆపేస్తే ఆగిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఎగిరింది. రోజు మార్చి రోజు చేశారు. ఒక్కసారీ గురి తప్పలేదు.

ప్రిన్సిపాలుగారే వాల్తేరు యూనివర్సిటీకి కబురు చేశారు. అక్కడి ప్రొఫెసరొకరు వచ్చి చూపించమన్నారు. తోడు రావలసిన అటెండరు వీర్రాజు ప్రయాణం నాడే జ్వరంతో పడుకున్నాడు. "నేనొస్తానుగా," అంది సుందరి. గడ్డి కూరిన పెట్టెలో గాజుజాడీ, తన ఒడిలో దుమ్ముసీసా. రైల్లో ఎదురుగా కూర్చున్నావిడ "ఏమిటమ్మా అది, పసుపా?" అని అడిగితే "కాదండీ, కాటుక లాంటిది" అని తప్పించుకుంది.

వాల్తేరులో ఆ హాలు నిండా పెద్దపెద్దవాళ్ళు. పంపు, కాయిలు వాళ్ళవే అమర్చి ఉంచారు. సుందరి చీరచెంగు బిగించుకుని గొట్టం దగ్గర నిలబడింది. అచ్యుతరావు మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు బాగానే నడిచాయి. మూడోదాంట్లో 'ఎ' దగ్గర ఆగిపోయింది.

"ఎలక్ట్రోడా?" అన్నారొకరు సాయంగా.

అతను తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదట్నించీ వచ్చాడు.

"ఎలక్ట్రిక్ ఫీల్డా?" అన్నారు ఇంకొకరు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. మంచి మనసుతోనే తలా ఒక మాటా అందిస్తున్నారు. అందిన ప్రతి మాటకీ అతను ఇంకాస్త కుంచించుకుపోతున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చివరికి చెప్పడం మానేసి కాయిలు వేశాడు.

జాడీ వెలిగింది. దుమ్ము ఎగిరింది. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ముందువరసలోవాళ్ళు లేచి మూగారు. ప్రొఫెసరుగారు, తెల్లజుట్టు మనిషి, చాలాసేపు వంగి చూసి నిటారుగా నిలబడ్డారు.

"బాగుంది. కానీ అచ్యుతరావుగారూ, పంపు అదురుకి ఎగరడం లేదని ఎలా అంటారు?"

అతని మొహం వెలిగింది. జవాబుంది. నోరు తెరిచాడు. "పం... పం..."

"పంపు కొత్తదేనండి," అన్నాడు వెనకనుంచి ఒక కుర్ర స్కాలరు.

"పం..."

సుందరి చెయ్యి క్లిప్పు మీదే ఉంది. ఏం చెప్పబోతున్నాడో ఆ హాలు మొత్తంలో ఆమెకొక్కదానికే తెలుసు. రెండు వేళ్ళు బిగించి పంపు ఆపమని సైగ చేస్తే చాలు, మాటతో పని లేకుండా అంతా తేలిపోతుంది. వేళ్ళు లాగాయి. భర్త ఆమెవైపు చూశాడు. ఆమె కదలకుండా, రోజూ వంటింట్లో నిలబడినట్టే నిలబడింది. నాకేం తొందర లేదండీ అన్నట్టు ఉందా నిలబడటం.

ఇంకెవరో నోరు తెరవబోతే ప్రొఫెసరుగారు చెయ్యెత్తి ఆపారు. ఆయన సుందరిని చూశారో, ఏం గ్రహించారో గానీ తనూ చేతులు కట్టుకుని ఊరుకున్నారు. హాలు హాలంతా ఊరుకుంది. అచ్యుతరావు ఊపిరి తీసుకున్నాడు.

"పంపు... ఆపి చూద్దామండి," అన్నాడు. "సుందరీ, క్లిప్పు."

ఆమె బిగించింది. అతను స్విచ్చి తీశాడు. పంపు గడగడ ఆగిపోయి, దూరంగా సముద్రం హోరు వినిపించింది. జాడీలో దుమ్ము మాత్రం ఎగురుతూనే ఉంది.

ప్రొఫెసరుగారు మళ్ళీ వంగారు. "ఒప్పుకున్నాను," అన్నారు చివరికి. "అయితే ఇందులో కాస్తో కూస్తో గాలి మిగిలి ఉంది కదండీ. చంద్రుడి మీద అదీ లేదు. అక్కడా ఇలాగే జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం."

"చె... చెప్పలేమండీ," అన్నాడు అచ్యుతరావు వెంటనే. అది ఓటమని అతనికి తోచలేదు. సరైన మాట సరైన మనిషి అన్నాడని సంతోషంగానే ఉంది. "ఇం... ఇంకా గట్టి పంపు కావాలండి. అప్పుడు చూడాలి."

ప్రొఫెసరుగారు నవ్వి, చిటికెడు పొడి వేళ్ళమధ్య రాసుకున్నారు. "ఇంత మెత్తగా ఎవరు చేసిచ్చారు?"

"నేనేనండి," అంది సుందరి. "పంగిడి రాయండి. నీళ్ళ మీద వేస్తే తేలుతుందండి."

"మాక్కూడా కొంచెం నూరి పంపుతావా, అమ్మా?"

తిరుగు ప్రయాణంలో అచ్యుతరావు రాజమండ్రి దాటినా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆగుతూ, తడబడుతూ, మళ్ళీ అందుకుంటూ. గోదావరి బ్రిడ్జి మీద రైలు మోతకి ఏమీ వినపడకపోయినా ఆపలేదు. సుందరి ఖాళీ సీసా ఒళ్ళో పెట్టుకుని ఊ కొట్టింది.

వాల్తేరు వచ్చేసి పరిశోధన చెయ్యమని పిలుపు వచ్చింది గానీ వెళ్ళడం పడలేదు. అచ్చాయమ్మకి చూపు మందగించి ఏలూరు వచ్చేసింది. సుందరికి మళ్ళీ నెలతప్పింది. వేసవి సెలవుల్లో మాత్రం అతను అక్కడికి వెళ్ళి గట్టి పంపు మీద పని చేసి వచ్చేవాడు. గాలి ఇంకా తగ్గినకొద్దీ వెలుగు పోయింది, ఎగరడమూ తగ్గింది. ఎండలోని ఘాటుకిరణాల్లాంటివి పుట్టించే దీపం పెడితే అరుదుగా ఒకటో రెండో రేణువులు కదిలేవి. ఒక్కోసారి అవీ కదిలేవి కావు. ఉన్నదున్నట్టు చిన్న వ్యాసం రాశారు. అది యూనివర్సిటీ పత్రికలో అచ్చయింది. పేర్లు రెండు వెయ్యాలని అచ్యుతరావు పట్టుబట్టాడు. పెళ్ళిశుభలేఖ తరువాత బాలాత్రిపురసుందరి అన్న పూర్తిపేరు అచ్చులో పడటం అదే. గంగాధరరావుగారు ఆ కాగితాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఇంతకీ జబ్బు తేలలేదన్నమాట," అన్నారు. అని, దాన్ని మందుల బీరువాలో పైఅరలో పెట్టుకున్నారు.

పంతొమ్మిదివందల యాభైతొమ్మిది భాద్రపదంలో రష్యావాళ్ళ రాకెట్టు వెళ్ళి చంద్రుడికి తగిలిందని రేడియో చెప్పింది. ఆ పొద్దున్నే రాజేశ్వరమ్మగారు గోడ మీదనుంచి పిలిచింది.

"ఏవమ్మా సుందరీ, పాపం చంద్రుడికి దెబ్బ తగిలిందటగా?"

సుందరి చంకలో ఏడాది నిండిన విజయకుమారి ఉంది. "తగిలే ఉంటుందండీ. బోలెడు దుమ్ము లేచుంటుంది."

"మరి అదంతా ఇప్పుడు కమ్మేసి ఉంటుందేమో?"

"లేదండీ. గాలి లేదుగా, తేలుతూ ఉండటానికి. లేచింది లేచినట్టే రాళ్ళలా పడిపోయి ఉంటుంది." కాస్త ఆలోచించి చేర్చింది. "ఆ పడ్డది మళ్ళీ ఎండకి కదులుతుందో లేదో మాత్రం మాకు తెలీదండీ. ఈయన చూస్తున్నారు."

లోపలినుంచి అచ్యుతరావు కాలేజీకి తయారై వచ్చాడు. పిల్ల అతని కళ్ళజోడు కోసం చెయ్యి చాపింది. ఆ వేళ వాల్తేరుకి పొడి పంపాల్సిన రోజు. డబ్బాలు మూడు గూట్లో సిద్ధంగా ఉన్నాయి. రెండు అతని సంచిలో పెట్టి, మూడోది మూత తీసి, సుందరి చూపుడువేలు ముంచి చూసుకుంది. ఇంకా గరుగ్గానే ఉంది.

"ఇది రేపు తీసుకెళ్దురుగాని," అంది. పిల్లని అత్తగారి ఒళ్ళో కూర్చోబెట్టి, కల్వం దగ్గరికి పీట లాక్కుంది.